ఒంటెపిల్ల కప్పుకొచ్చిన పొర

"అమ్మా, వాళ్ళమ్మ దాన్ని నాకట్లేదేంటి?"

ప్రశ్న మా అమ్మాయిది. అడిగిన చోటు రియాద్‌కి ఈశాన్యంగా, థుమామా దాటాక, ఒక ఒంటెల దొడ్డి కంచె బయట. జనవరి నెల. ఇక్కడ ఉంటున్న వాళ్ళకి తెలుసు, ఆ నెలలో ఎడారి చలి ఎముకల్లోకి దిగుతుంది. అయినా శుక్రవారం వస్తే సగం ఊరు చాపలూ ఫ్లాస్కులూ పట్టుకుని ఇసకలోకే పోతుంది. మేమూ బజ్జీల పిండి కలిపి డబ్బాలో పెట్టుకుని బయలుదేరాం. ఆ దొడ్డిలో (ఇక్కడ ఇజ్బా అంటారు) పనిచేసే అతను జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చాడు. మావారికి పాత పరిచయం. తెల్లారకముందే ఫోన్ చేసి, "అన్నా, ఒంటె ఈనేటట్టుంది. పాపకు సూపిస్తవా?" అన్నాడు.

కంచె బయటే నిలబడటం నా చాదస్తం. 2012లో సౌదీలోనే మొదట బయటపడిన మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకు వస్తుంది. చిన్న ఒంటెల్లో అది మరీ ఎక్కువ. గర్భంతో ఉన్నవాళ్ళూ, షుగరూ ఉబ్బసమూ ఉన్నవాళ్ళూ సరదాకి కూడా ఒంటెల దొడ్లోకి వెళ్ళకపోవడమే మంచిది. పచ్చి ఒంటెపాలు ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా కాచకుండా తాగకండి. ఈ మాట ఒక్కసారి చెప్పేసి నా కథలోకి వస్తాను.

మేం వెళ్ళేసరికి పిల్ల అప్పుడే ఇసక మీద పడింది. ఒళ్ళంతా కాళ్ళే అన్నట్టుంది. తల నుంచి గిట్టల దాకా ఒంటికి అతుక్కుని పల్చటి తెల్లని పొర, ఉల్లిపొర లాంటిది, వెలుగు పడితే మెరుస్తోంది. తల్లి వంగి వాసన చూసింది, ముక్కుతో ఒకసారి తోసింది, చిన్నగా మూలిగింది. అంతే. నాకలేదు. మా అమ్మాయి పోయిన వేసవిలో తణుకు దగ్గర అమ్మమ్మ ఊళ్ళో గేదె ఈనడం చూసింది. తల్లి గేదె దూడని నాకి నాకి ఆరబెట్టడం దానికి బాగా గుర్తుంది. అందుకే ఆ ప్రశ్న.

జవాబు నేను చెప్పేలోగా అతనే చెప్పాడు. చేతులకి గ్లోవ్స్, మూతికి గుడ్డ కట్టుకుని పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాకది బిడ్డా. బర్రె లెక్క కాదు గిది. గీ పొర మనమే తియ్యాలె, లేకుంటే ఎండకు ఆరి దానంతటదే రాలుతది." అని పాత గుడ్డతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. పొర చిన్న చిన్న ముక్కలై చేతికి వచ్చింది.

పాతికేళ్ళ క్రితం ఇంటర్ బైపీసీలో తెలుగు మీడియంలో నేను బట్టీ పట్టిన నాలుగు మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. ఉల్బం, పరాయువు, అళిందం, సొనసంచి. నాలుగూ కలిపి పిండబాహ్య త్వచాలు. పిల్ల ఒంట్లో భాగం కాకపోయినా పిల్లే తయారుచేసుకుని, పుట్టేటప్పుడు వదిలేసి వచ్చే పొరలు. ఇప్పుడు ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో అవే నాలుగింటిని ఇంగ్లీషులో చెబుతుంటాను. ఒంటెపిల్ల మీద ఉన్నది ఆ నాలుగింటిలో లేదు. అది అయిదోది. ఒంటెలకీ, వాటి దాయాదులు లామా, అల్పాకాలకీ ఉండేది. పిల్ల చర్మం మీది పై పొర నుంచే అది పుడుతుంది. పెదవుల అంచున, కనురెప్పల అంచున, గిట్టల దగ్గర అంటుకుని ఉంటుంది గానీ నోటికీ ముక్కుకీ అడ్డం రాదు, కాబట్టి ఊపిరి ఆడుతుంది. అంత పొడవు కాళ్ళూ మెడా సాఫీగా జారి బయటికి రావడానికి అది సాయపడుతుందని పశువైద్యులు అనుకుంటారు.

కంచె పట్టుకుని చూస్తూ నేను అనుకున్నది మాత్రం వేరు. ఆ పొరని తల్లి కప్పలేదు. పిల్లే కప్పుకుని వచ్చింది. ఈ సంగతి నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే 11 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు 33 వారాలు. పురిటికి అమ్మ రావాలి, ఆవిడ వీసా కాగితాలు ఇంకా తేలలేదు. ఒక రాత్రి లేచేసరికి బట్టలు తడిగా ఉన్నాయి. మూత్రం ఆపుకోలేకపోయాను కాబోలనుకుని సిగ్గుపడి, మావారిని లేపకుండా బట్టలు మార్చుకుని పడుకున్నాను. మళ్ళీ తడి. వాసన లేదు, రంగు లేదు. తెల్లారి అమ్మకి ఫోన్ చేస్తే, "ఉమ్మనీరేమోనే, ఆస్పత్రికి పో" అంది. అప్పటికి ఆరు గంటలు పోగొట్టుకున్నాను. ఇది చదువుతున్న వాళ్ళలో గర్భంతో ఉన్నవాళ్ళుంటే ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఆపినా ఆగకుండా కారే నీరు, కొద్దిగానే అయినా సరే, తెల్లారేదాకా ఆగాల్సిన విషయం కాదు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని వెంటనే బయలుదేరాలి. నీరు ఆకుపచ్చగా గానీ ఎర్రగా గానీ ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, జ్వరం వచ్చినా మరీ తొందరపడాలి.

ఆస్పత్రిలో పరీక్ష చేసి ఉమ్మనీటి సంచికి చిల్లు పడిందన్నారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడటానికి ఒక రోజు తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్స్. నాలుగో రోజు నొప్పులొచ్చాయి. బిడ్డ 16 రోజులు ఇంక్యుబేటర్లో ఉంది.

ఆ 16 రోజులూ నన్ను తినేసింది ఒక ప్లాస్టిక్ నీళ్ళ క్యాన్. ఇక్కడ ఇళ్ళలో డిస్పెన్సర్ మీద బోర్లించే 19 లీటర్లది. రెండు రోజుల ముందు మావారు ఆఫీసులో ఉండగా నేనే ఎత్తి పెట్టాను. చూడటానికి వచ్చిన ఒకావిడ మంచం పక్కన కూర్చుని, "బరువులెత్తుతారమ్మా ఎవరన్నా ఈ నెలల్లో? సంచి పగలక ఏమవుతుంది?" అంది. ఆవిడ చెడ్డదేం కాదు. మూడు పూటలా నాకు క్యారేజీ పంపింది ఆవిడే. కానీ ఆ మాట ఇన్నేళ్ళూ నాలో ఉండిపోయింది. పిల్లకి దగ్గొచ్చినా, లెక్కల్లో మార్కులు తగ్గినా, ఆ క్యానే కనపడేది. జీవశాస్త్రం చెప్పే టీచర్ని. అయినా నా సంచిని నేనే చింపుకున్నానని నమ్మాను.

నా సంచి అన్నాను చూడండి, తప్పు అక్కడే మొదలవుతుంది.

దీన్ని మా మామ్మ కోడిగుడ్ల దగ్గర్నుంచి చెప్పడం తేలిక. మామ్మ బుట్టలో వరిగడ్డి వేసి కోడిని పొదగేసేది. నాలుగైదు రోజులయ్యాక రాత్రి పూట ఒక్కో గుడ్డునీ లాంతరు వెలుగుకి అడ్డం పెట్టి చూసేది. లోపల సాలెగూడులా ఎర్ర గీతలు కనిపిస్తే, "జీవం పడిందే" అనేది. ఆ ఎర్ర గీతలు పిల్ల ఒంట్లోవి కావని నాకు చాలా తర్వాత తెలిసింది. అవి సొన చుట్టూ పాకిన సొనసంచి రక్తనాళాలు. పిల్ల అప్పటికి గోరంత కూడా ఉండదు. తన కంటే ముందు తన తిండి ఏర్పాటు చేసుకుంటుంది.

అదే రోజుల్లో ఇంకో పొర పిల్ల చుట్టూ లేచి, మూసుకుని, లోపల నీరు నింపుకుంటుంది. అదే ఉల్బం. మూడో పొర అళిందం, పిల్ల పొట్టలోంచి చిన్న బుడగలా బయటికి వస్తుంది. మొదట అది చెత్తబుట్ట. గుడ్డులోంచి మలినం బయటికి పోయే దారి లేదు కదా, పిల్ల విసర్జించే యూరిక్ ఆమ్లం అందులో చేరుతుంది. ఆ బుడగ పెరిగి పెరిగి, అన్నిటికంటే బయట ఉన్న పరాయువుతో కలిసిపోయి, పది పన్నెండు రోజులకి పెంకు లోపలంతా అస్తరు వేసినట్టు పరుచుకుంటుంది. పెంకులో మన కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి. వాటిలోంచి గాలి పీల్చేది ఈ జంటపొరే. చెత్తబుట్టే ఊపిరితిత్తి అయిందన్నమాట. పొదిగే కోడి ముక్కుతో గుడ్లని తిప్పుతూ ఉండటం కూడా ఊరికే కాదు, కదలకుండా ఉంటే పిండం పెంకు పొరకి అతుక్కుపోతుంది.

21వ రోజు పెంకు పగిలే ముందు మిగిలిన సొనసంచిని పిల్ల తన పొట్టలోకి లాగేసుకుంటుంది. దారి బత్తెం. తణుకు చుట్టుపక్కల హేచరీల నుంచి ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో అంతంత దూరాలు పంపగలగడం ఆ బత్తెం వల్లే. రెండు మూడు రోజులు తిండి లేకుండా తట్టుకుంటాయి.

ఇదంతా గాలి మీద బతికే జీవులకి ఎందుకు కావాల్సి వచ్చిందో మా ఊరి చెరువు దగ్గర కంటే ఈ ఎడారిలోనే బాగా అర్థమవుతుంది. కప్ప నీళ్ళలో గుడ్లు పెట్టాల్సిందే, దాని గుడ్డుకి ఈ పొరలు లేవు. బల్లులూ తాబేళ్ళూ పక్షులూ పాలిచ్చే జంతువులూ మాత్రం చెరువుని వదిలిపెట్టి, పిల్ల చుట్టూ ఒక గుప్పెడు చెరువుని కట్టుకున్నాయి. సౌదీ వాళ్ళు దబ్బ్ అని పిలిచే ముళ్ళతోక ఉడుము ఇసక బొరియలో గుడ్లు పెట్టగలదంటే అందువల్లే. ఇక్కడి తూర్పు తీరంలో కరాన్ దీవికీ, ఎర్రసముద్రం వైపు యాన్బుకి ఉత్తరాన రాస్ బరీదికీ పచ్చ తాబేళ్ళు వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. కోడిగుడ్డుని తిప్పకపోతే చస్తుందన్నాను కదా, తాబేలు గుడ్డుకి తిరకాసు. పెట్టిన కొద్ది గంటలకే పిండం పై భాగాన అంటుకుంటుంది. తర్వాత గుడ్డు తిరగబడితే పిండం బతకడం కష్టం. అందుకే గుడ్లు వేరే చోటికి మార్చాల్సి వస్తే ఏ వైపు పైన ఉందో ఆ వైపే పైన ఉండేట్టు పట్టుకుంటారు.

హజ్‌కి వెళ్ళేవాళ్ళు వేయించుకునే ఫ్లూ టీకా ఉంది కదా, అందులో ఎక్కువ భాగం కూడా ఈ గుడ్ల సంగతే. పది పదకొండు రోజుల పిండం ఉన్న కోడిగుడ్డులో, ఆ అళిందం నీటిలో వైరస్‌ని పెంచి తయారుచేస్తారు. పిండం పొర మీద వైరస్ పెరుగుతుందని అమెరికాలో గుడ్‌పాశ్చర్, వుడ్రఫ్ 1931లో చూపించినప్పటి నుంచి మొదలైన దారి అది.

ఇక మన సంగతి. మనకి పెంకు లేదు. మిగతావి అన్నీ ఉన్నాయి. బాత్రూంలో చేతిలో వణుకుతూ చూసుకున్న ఆ రెండు గీతలు గుర్తున్నాయా? ఆ పరీక్ష పట్టుకునే హార్మోన్‌ని తయారుచేసేది మనం కాదు, పరాయువు అయ్యే కణాలు. అంటే "వచ్చాను" అని కబురు పంపింది బిడ్డే. మొదటి స్కాన్‌లో ఆరో వారం దగ్గర డాక్టర్లు వెతికే చిన్న ఉంగరం సొనసంచి. మనిషి సొనసంచిలో సొన ఉండదు, కానీ బిడ్డకి మొదటి రక్తకణాలు దాని గోడలోనే పుడతాయి. ఇంకో సంగతి చెబితే క్లాసులో ఆడపిల్లలు నోళ్ళు తెరుస్తారు. కడుపులో ఉన్న ఆడపిల్లకి రేపటి అండాలయ్యే కణాలు కూడా మొదట కనిపించేది ఆ సొనసంచి గోడ దగ్గరే. అక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్ళి అండాశయంలో చేరతాయి.

అళిందం మనలో చిన్నదే, దాని వెంట వచ్చే రక్తనాళాలే బొడ్డుతాడు నాళాలవుతాయి. పరాయువులో ఒక భాగం తల్లి గర్భాశయపు లోపలి పొరతో కలిసి మాయ అవుతుంది. మాయ ఒక్కటే ఇద్దరూ చేయి కలిపి కట్టింది. ఉమ్మనీటి సంచి మాత్రం పూర్తిగా బిడ్డది. అందులో నీరు కూడా సగం నెలలు దాటాక ఎక్కువగా బిడ్డ మూత్రమే. తనే పోస్తుంది, తనే మింగుతుంది, ఊపిరితిత్తుల్లోకి తీసుకుని వదులుతుంది. ఆ నీటితో ఆడుతూనే ఊపిరితిత్తులు పెరుగుతాయి. సంచికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అందుకే చిల్లు పడినప్పుడు నాకు నొప్పి తెలియలేదు.

37 వారాలు నిండకముందే సంచి పగలడం నూరింటిలో మూడు కాన్పుల్లో జరుగుతుంది. ఇన్‌ఫెక్షన్, ఇంతకుముందు కాన్పులో ఇలా అవడం, కవలలు, ఉమ్మనీరు మరీ ఎక్కువ కావడం, నెలల్లో రక్తస్రావం, పొగతాగడం ఇవీ డాక్టర్లు వెతికే కారణాలు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. నాకూ దొరకలేదు. ఒక్కసారి నీళ్ళ క్యాన్ ఎత్తినందుకు పగిలిందని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ 11 ఏళ్ళు ఒక్క డాక్టర్నీ అడగలేదు. అడగాల్సింది.

నా మాయని కూడా నేను చూడలేదు. అమ్మ ఫోన్లో మొదట బిడ్డ గురించి అడిగి, వెంటనే "మాయ ఏం చేశారే?" అంది. మా ఊళ్ళో గొయ్యి తీసి పాతిపెడతారు, కుక్కలు లాగకుండా పైన రాయి పెడతారు. ఆస్పత్రివాళ్ళు వాళ్ళ పద్ధతిలో తీసేసి ఉంటారని చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. అమ్మకి అది చెత్త కాదు మరి. నిజానికి కంటి డాక్టర్లకి కూడా కాదు. తల్లి ఒప్పుకుంటే, సిజేరియన్ కాన్పులో వచ్చిన ఉల్బాన్ని రక్తపరీక్షలు చేసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి దాచి, దెబ్బతిన్న కళ్ళ మీద పరుస్తారు. కిళ్ళీ సున్నం చిమ్మి కన్ను కాలిన పిల్లలు మన ప్రాంతాల్లో ఎంతమందో. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు 2012లో ప్రకటించిన స్లెట్ అనే పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి చిటికెడు కణజాలం తీసి, ముక్కలు చేసి, కాలిన కంటి మీద పరిచిన ఉల్బం పైన నాటుతారు. నారుమడి లాగే. కణాలు పాకి నిలదొక్కుకున్నాక ఉల్బం కరిగిపోతుంది.

మళ్ళీ దొడ్డి దగ్గరకి. మేం తెచ్చిన పిండితో అతని స్టవ్ మీదే బజ్జీలు వేశాను. తల్లి ఒంటెకి అరగంటలోపే మాయ పడిపోయింది. గేదె మాయ బొడిపెలు బొడిపెలుగా గర్భాశయానికి గుండీలు పెట్టినట్టు పట్టుకుంటుంది, ఒక్కోసారి పడక డాక్టర్ని పిలవాల్సి వస్తుంది. ఒంటె మాయ పరిచిన గుడ్డలా సాఫీగా ఉంటుంది, జారిపోతుంది. "గందుకే ఒంటెతోని గా తిప్పలు లేవక్కా" అన్నాడతను. 13 నెలలు మోస్తుంది, దాదాపు ఎప్పుడూ గర్భాశయం ఎడమ కొమ్ములోనే మోస్తుంది అని నేను చెబితే, "ఎడమ పక్కనే ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

బజ్జీ తింటూ తింటూ ఆగి, "అక్కా, ఒకటి అడుగుత. పేగు మెడల ఏసుకొని పుడితే మేనమామకు గండమంటరు గద. నిజమేనా?" అన్నాడు.

అతను ఇక్కడ ఉండగానే ఊళ్ళో కొడుకు పుట్టాడు. మెడ చుట్టూ బొడ్డుతాడు. మేనమామ నూనెలో బిడ్డ నీడ చూసే తంతు కూడా జరిపించారు. అయినా ఆర్నెల్లకి ఆ మేనమామ కువైట్‌లో బండి ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో ఆ పసివాడిని ఎత్తుకునేవాళ్ళు తగ్గిపోయారట. భార్య ఫోన్లో ఏడుస్తుందట. కొడుక్కి రెండేళ్ళు దాటాయి, అతనింకా చేతుల్లోకి తీసుకోలేదు.

చెప్పాను. ప్రతి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు అలాగే పుడతారని. నీళ్ళలో పిల్ల తిరుగుతుంటే తాడు చుట్టుకుంటుందని, చాలాసార్లు మంత్రసానో నర్సో వేలితో తప్పించేస్తారని, పిల్లకే ఏమీ కాదని. ఆ తాడు బిడ్డ అన్నం తిన్న దారి అని, ఎవరి మెడకీ ఉరి కాదని. కువైట్ రోడ్డుకీ దానికీ సంబంధం లేదని. చెబుతూ చెబుతూ ఇన్నేళ్ళు క్యాన్‌ని మోసిన దాన్ని నేనేనని గుర్తొచ్చి కాస్త తడబడ్డాను.

అతను ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. "మా అమ్మకు చెప్పక్కా. నేను చెప్తె ఇనది. టీచరమ్మ చెప్పిందంటె ఇంటది."

వాట్సాప్‌లో గొంతు రికార్డు చేశాను. రెండుసార్లు చెరిపేసి, మూడోసారి పంపాను. ఆ ఊరి మాట నాకు రాదు, నా గోదావరి యాస ఆవిడకి ఎంత అర్థమవుతుందో అనుకుంటూనే పంపాను. మా అమ్మాయి కంచె దగ్గరే ఉంది. అప్పటికి ఒంటెపిల్ల మూడుసార్లు పడి, నాలుగోసారి నాలుగు కాళ్ళ మీద నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటోంది. ఆరిన పొర ముక్కలు దాని వీపు మీంచి లేచి గాలికి కంచె తీగకి పట్టుకుంటున్నాయి.

మేం కారెక్కేటప్పుడు అతను ఫోన్ ఎత్తి చూపించాడు. మెసేజ్ పక్కన రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు ఇంకా రాలేదు.